జ్యూ టౌన్ కథ సగమే చెబుతున్నారు

కొచ్చి వెళ్లొచ్చిన మనవాళ్లు మట్టాంచేరిలోని యూదుల వీధి జ్యూ టౌన్ ఫొటోల కింద రాసేది ఒకటే మాట: "ప్రపంచమంతా యూదుల్ని తరిమితే మన దేశం కడుపులో పెట్టుకుంది." అబద్ధం కాదు. కానీ కథ అక్కడితో ఆపేస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

నిజమే, ఆ ఆదరణ చిన్నదేం కాదు. సుమారు వెయ్యేళ్ల కిందట చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు పల్లకీ, గొడుగు, సుంకాల మినహాయింపుతో సహా 72 హక్కులు రాగి రేకుల మీద రాసిచ్చాడు. అప్పుడు వాళ్లుండేది కొడుంగల్లూరు రేవులో. 1341లో పెరియార్ వరదకు ఆ రేవు పూడిపోయింది, వర్తకం కొచ్చికి మళ్లింది, వాళ్లూ ఇటు వచ్చేశారు. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన తర్వాత అటునుంచి వచ్చి చేరినవాళ్లు పరదేశీ యూదులు. 1568లో వాళ్లు కట్టుకున్న సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, కొచ్చి రాజు తన కోట పక్కనే స్థలమిచ్చాడు. 1662లో పోర్చుగీసులు పాడుచేస్తే డచ్చివాళ్ల కాలంలో మళ్లీ నిలబెట్టుకున్నారు.

లోపల నేల చూసి తీరాల్సిందే. చైనా నుంచి తెప్పించిన నీలం, తెలుపు పలకలు, అన్నీ చేత్తో బొమ్మలు వేసినవే. వంగి చూస్తే ఒక పలక మీద సన్నగా ఉన్న కొమ్మ పక్క పలక మీద కాస్త లావుగా కనిపిస్తుంది. మా గైడ్ ఈ పలకల గురించి, బెల్జియం షాండ్లియర్ల గురించి, 1760లో ఎజెకియెల్ రహాబీ కట్టించిన గడియారం గోపురం గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. సాలెం పేరు మాత్రం ఎత్తలేదు.

ఎ.బి.సాలెం 1882లో పుట్టాడు. లా చదివి వకీలయ్యాడు, కొచ్చి శాసనమండలి సభ్యుడయ్యాడు. అంతటివాడికీ ఈ సినగాగ్‌లో బెంచీ మీద కూర్చునే హక్కు లేదు! ఎందుకంటే ఆయన పూర్వీకులు ఒకప్పుడు బానిసలు. అలాంటి కుటుంబాలవాళ్లు నేల మీదో, బయట మెట్ల మీదో కూర్చోవాల్సి వచ్చేది. అందరితో సమానంగా తోరా (వాళ్ల పవిత్ర గ్రంథం) చదవనిచ్చేవారు కాదు, చచ్చాక పాతిపెట్టే చోటు కూడా వేరే. సాలెం గాంధీ దారిలో అక్కడే సత్యాగ్రహం చేశాడు. అందుకే ఆయన్ని యూదు గాంధీ అన్నారు. గుడి బయట నిలబెట్టడం అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చోటిచ్చిన నేల నుంచే వాళ్లకు ఈ జబ్బు కూడా అంటుకుందని నేను నమ్ముతున్నాను. అందుకే "కడుపులో పెట్టుకున్నాం" అని మురిసిపోయే ముందు ఇది కూడా చెప్పాలి అంటున్నాను.

ఇంకోటి. పరదేశీల కంటే కొన్ని వందల ఏళ్ల ముందు నుంచీ ఉన్నవాళ్లు మలబారీ యూదులు. నల్ల యూదులని వాళ్లను వేరు పెట్టారు. రాగి రేకులు రాసిన నాటికి పరదేశీలు ఇంకా రానేలేదు! అయినా జ్యూ టౌన్ అనగానే తెల్ల యూదులే, అంటే పరదేశీలే గుర్తొస్తారు. అదే వీధి దక్షిణం కొసన మలబారీల కడవుంభాగం సినగాగ్ ఉంది. 1948 తర్వాత, ముఖ్యంగా 1950లలో, జనం ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఆ సినగాగ్ చెక్కపనిలో చాలా భాగం ఇప్పుడు జెరూసలేం మ్యూజియంలో ఉంది. ఇక్కడ మిగిలిన గోడలు గోడౌన్ అయ్యాయి. 2019 ఆగస్టులో, ఇక్కడ ఎంబ్రాయిడరీ షాపు నడిపిన పరదేశీ యూదు సారా కోహెన్ 96 ఏళ్లకు కన్నుమూస్తే దేశమంతా తెలిసింది. తెలియాల్సిందే. ఆమెను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది ఒక ముస్లిం కుటుంబమన్నది కూడా ఈ వీధి గొప్పతనమే. ఆ తర్వాతి నెలలోనే కడవుంభాగం ముందు భాగం వానకు కూలిపోయింది. అది ఎంతమందికి తెలుసు?

సినగాగ్ మెట్ల దగ్గర సాలెం గురించి మలయాళంలో, ఇంగ్లీషులో ఒక పెద్ద బోర్డు పెట్టాలి. గైడ్లకిచ్చే ట్రైనింగులో ఆయన కథ ఉండాలి. మీరు వెళ్తే పరదేశీ సినగాగ్‌తో తిరిగి వచ్చేయకండి, శనివారం ఎలాగూ మూసేస్తారు. చేందమంగళం, పరవూరు సినగాగ్‌లను బాగుచేసి మ్యూజియంలు చేశారు. రెండూ మలబారీలవే. కొచ్చి ఎయిర్‌పోర్టు నుంచి పెద్ద దూరమేం కాదు, ఒక పూట కేటాయించండి.