‘పర్లేదు నాన్నా’ అనకండి

మొన్న ఇక్కడ, విదేశంలో, మన గోదావరి వాళ్ల సంఘం ఉగాది సభలో కాలేజీ సీట్లు వచ్చిన పిల్లలకి సన్మానం చేశాం కదా. పెద్ద పేర్లు చదివినప్పుడల్లా హాలు దద్దరిల్లింది. మా మేనల్లుడి వంతొచ్చింది. వాడిది ఇక్కడ మన ఊళ్లోనే ఉన్న స్టేట్ యూనివర్సిటీ, అంటే సర్కారీది. ఫీజు తక్కువ, ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చు, మొదటి ఏడాదే ల్యాబులో పని దొరుకుతుందని వాడే కోరి చేరాడు. నాలుగు చప్పట్లు వినిపించాయి. "పర్లేదు నాన్నా, పీజీకి మంచి చోటికి వెళ్దువుగాని" అన్నారు యాంకరమ్మ. వాడు నవ్వేశాడు. నాకే పులిహోర గొంతు దిగలేదు. ఆవిడా నేనూ చదివింది ఒకటే చోట, ఆంధ్రా యూనివర్సిటీలో!

మాది కోనసీమ. నాన్న కొబ్బరి దింపు డబ్బులు చేతిలో పెడితే, సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి, నరసాపురంలో రైలు పట్టుకుని వైజాగ్ బయల్దేరాను. నిడదవోలులో రైలు మారేటప్పుడు అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ పరుపుచుట్టలోనే పగిలింది. నెలంతా నా దుప్పటికి అదే వాసన. "పెరుగన్నం తెచ్చుకుని నీ దుప్పటి నంజుకుంటానురా" అనేవాడు పక్క మంచం శ్రీకాకుళం కుర్రాడు.

1926లో బెజవాడలో మొదలై, 1930లో వైజాగ్‌లోని వాల్తేరు చేరిన యూనివర్సిటీ అది. సి.ఆర్.రెడ్డి, రాధాకృష్ణన్ వైస్ చాన్సలర్లుగా నడిపారు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్.రావు గణితంలో ఎం.ఏ. చేసిందీ అక్కడే. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద విదేశాల్లో చదివొచ్చి న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం పెట్టిందీ అక్కడే. 2006లో రాజమండ్రికి నన్నయ యూనివర్సిటీ వచ్చేదాకా మన రెండు గోదావరి జిల్లాల డిగ్రీ పట్టాల మీద ఉన్నది ఆ పేరే. మీ పెట్టెలోనూ ఒకటి ఉండే ఉంటుంది, చూసుకోండి.

గోదావరి వాళ్లకి మర్యాద ఎక్కువంటారు. నిజమే, వద్దన్నా నాలుగోసారి వడ్డిస్తాం. కానీ కుర్రాడు కనపడగానే "ఏ కాలేజీ?" అనడిగేది చదువు సంగతి తెలుసుకోవడానికి కాదు, లెక్క కట్టడానికి. ఆ తూకం రాళ్లు విమానంలో ఇక్కడికీ తెచ్చుకున్నాం.

పెద్ద పేరుకి విలువ లేదనను. చిన్న క్లాసులు, పేరు పెట్టి పిలిచే మాస్టార్లు, పరిచయాలు ఉంటాయి. వేలమంది ఉండే సర్కారీ యూనివర్సిటీలో మన దారి మనమే వెతుక్కోవాలి. అయితే పంటు దాటి వచ్చినవాడికీ, బస్సులో వచ్చేవాడికీ తలుపు తీసేది అదే.

కార్యవర్గం వారికి ఒక్క మనవి. వచ్చే ఉగాదికి కాలేజీ పేర్లు చదవకండి. ఏం చదవబోతున్నారో పిల్లల్నే అడగండి, మైకు వాళ్ల చేతికే ఇవ్వండి. ఆలస్యమైతే కానివ్వండి, భోజనాలు ఎలాగూ ఎప్పుడూ ఆలస్యమే.