ఫ్లాట్ ప్లాన్ వంటింటి వైపు నుంచి గీయాలి

హైదరాబాద్ పడమటి శివార్లలో మూడు పడగ్గదుల ఫ్లాట్ ఒకటి అనుకుందాం. అమ్మే లెక్కలో 1,650 చదరపు అడుగులు. అడుగు 8,000 చొప్పున కోటీ 32 లక్షలు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పత్రాల్లో కార్పెట్ ఏరియా మాత్రం 1,100. అంటే ఇంట్లో మనం నిజంగా వాడుకునే ఒక్కో అడుగుకి 12,000 పడుతోంది. ఇప్పుడు అదే ప్లాన్‌లో హాలు దాటి పడగ్గదులకు వెళ్లే నడవా కొలవండి. నాలుగడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉందంటే ఆ ఒక్క నడవా ఖరీదు 7 లక్షల 20 వేలు. అందులో కుర్చీ పట్టదు, బీరువా పట్టదు.

పదేళ్ల కిందట ఈ లెక్క వేసుకుని వచ్చే కొనుగోలుదారులు తక్కువ. హాలు ఎంత పెద్దది, బెడ్‌రూమ్‌లు ఎన్ని, ఫేసింగ్ ఏది అని అడిగి, అడ్వాన్స్ గురించి మాట్లాడేవాళ్లు. 2016లో వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియాకి నిర్వచనం ఇచ్చింది. బయటి గోడలు, డక్టులు (పైపులు వెళ్లే సందులు), బాల్కనీలు పోగా మిగిలేది. లోపలి అడ్డుగోడలు మాత్రం అందులో కలుస్తాయి. హైదరాబాద్‌లో ధర ఇప్పటికీ సేలబుల్ ఏరియా (గోడలు, మెట్లు, లిఫ్టుల వాటా కూడా కలిపిన అమ్మే లెక్క) మీదే చెబుతున్నా, రెండో అంకె కూడా కాగితం మీదికి వచ్చేసింది. మరోవైపు 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత ధర పెట్టి కొన్న నేల మీద లేచే టవర్‌లో ప్రతి చదరపు అడుగుకీ కొనేవాడు లెక్క అడుగుతాడు, అడగాలి కూడా.

అయినా మన ప్లాన్లు చాలావరకు సింహద్వారం దగ్గర మొదలై లోపలికి పాకుతాయి. ముందు హాలు, తర్వాత డైనింగ్, ఆపైన పడగ్గదులు; మిగిలిన మూల వంటింటికి, వంటిల్లు పోగా మిగిలిన పేలిక వాష్ ఏరియాకి. నా దృష్టిలో ఇది తిరగబడాలి. పెన్సిల్ ముందు వాష్ ఏరియా మీద పెట్టి, అక్కణ్నుంచి వంటింట్లోకి, డైనింగ్‌లోకి రావాలి. సైట్ చూడటానికి వచ్చిన కుటుంబం హాల్లో నిలబడి మెచ్చుకుంటుంది. వద్దనుకోవడం మాత్రం వంటింటి వెనక జరుగుతుంది.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ చోట ఏం జరుగుతుందో చూడండి. పనమ్మాయి వస్తుంది, రాత్రి అంట్లు తోముతుంది, వాటిని ఓడ్చడానికి ఒక గట్టు కావాలి. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటుంది. తడి చెత్తకు, పొడి చెత్తకు రెండు డబ్బాలు. మాప్ కర్ర, బకెట్, చీపురు. మంచినీళ్ల టిన్ను, ఖాళీ అయినది ఇంకోటి. అదే సమయంలో పక్కన వంటగట్టు మీద ఇద్దరు పిల్లల లంచ్ బాక్సులు, ఒక పెద్దాయన ఇడ్లీ, ఒకరి ఓట్స్. బ్రోచర్లలో మూడున్నర అడుగులకు అయిదడుగులని రాసే వాష్ ఏరియాలో మెషీన్, సింక్ పెట్టేసరికి మనిషి వంగే జాగా ఉండదు. అంట్లు మళ్లీ వంటింటి సింక్‌లోకే చేరతాయి. ఇక 14 లక్షల మాడ్యులర్ కిచెన్ ఉండి లాభమేమిటి? నా లెక్కలో అయిదుకు ఎనిమిది అడుగులు కనీసం ఉండాలి. ఆ అదనపు జాగా నడవాలోంచి కోసి తేవచ్చు. పడగ్గదుల తలుపులు డైనింగ్‌లోకే తెరుచుకునేలా పేరిస్తే నడవా అయిదారు అడుగుల పొడవుతో సరిపోతుంది.

ఓపెన్ కిచెన్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఫొటోలో అందంగానే ఉంటుంది. ఎండుమిర్చి పోపు ఘాటుకి సోఫాలో కూర్చున్న చుట్టం తుమ్మితే, చేపల వేపుడు వాసన కర్టెన్లకు రెండు రోజులు పట్టి ఉంటే, ఆ అందం అక్కడికి సరి. జారుడు గాజు తలుపు పెట్టి, కావాలంటే తెరుచుకునే వీలు వదిలితే, తెరిచి ఉండాలనేవాళ్లకీ మూసి ఉండాలనేవాళ్లకీ గొడవ ఉండదు.

అసలు చిక్కు వాస్తు దగ్గర వస్తుంది. దాన్ని డిజైనర్ నమ్మక్కర్లేదు, కొనేవాళ్లలో ఎక్కువమంది నమ్ముతారన్నది మాత్రం మరిచిపోకూడదు. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడగ్గది, ఈశాన్యంలో దేవుడి గది, అక్కడ టాయిలెట్ కూడదు. ఈ నాలుగూ ఖాయమయ్యాక ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్ ప్లాన్ తీసి చూడండి. సింహద్వారం తూర్పున ఉందంటే కామన్ కారిడార్ కూడా తూర్పునే ఉంటుంది. అంటే ఆగ్నేయంలోని వంటిల్లు కారిడార్‌ని ఆనుకుని వస్తుంది. దానికి బయటి గాలి దక్షిణం వైపు నుంచి ఒక్కదాన్నించే. అటు పక్క ఫ్లాట్ ఉంటే అదీ లేదు, వాష్ ఏరియా డక్ట్‌లోకి తెరుచుకోవాల్సిందే. అందరూ ఎగబడే తూర్పు ఫ్లాట్లో వంటింటి వెనక భాగం ఇరుకవడానికి కారణం ఇదే. వెస్ట్ ఫేసింగ్‌లో ఇది తిరగబడుతుంది. కారిడార్ పడమట ఉంటుంది కాబట్టి ఆగ్నేయ మూల వెనక్కి పోతుంది; వంటింటికీ వాష్ ఏరియాకీ తూర్పు గాలి, పొద్దుటి ఎండ దక్కుతాయి. దానికి బదులు నైరుతి పడగ్గది సింహద్వారం పక్కకి వస్తుంది. లిఫ్ట్ చప్పుడు, పక్కింటి కాలింగ్ బెల్ అన్నీ ఆ గదిలోకే.

రెండు ఫేసింగ్‌లకూ ఒకే ప్లాన్‌ని అద్దంలో తిప్పినట్టు తిప్పి అచ్చేయడం వల్ల రెండిట్లోనూ నష్టమే. తూర్పు ఫ్లాట్లో వాష్ ఏరియాని దక్షిణం వైపు బాల్కనీలా బయటికి లాగాలి, పడమటి ఫ్లాట్లో తలుపుకీ పడగ్గదికీ మధ్య చెప్పుల అలమరతో చిన్న ముందుగది పెట్టాలి. ఒక్కో ఫేసింగ్‌కి ఒక్కో ప్లాన్ గీయడానికి ఆర్కిటెక్ట్‌కి అయ్యే అదనపు ఖర్చు, ఆఖరికి అమ్ముడుపోక మిగిలే ఫ్లాట్ల ముందు ఏ మూలకు?

పెద్ద పడగ్గదిలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. తెలుగు ఇళ్లలో బీరువా నైరుతి మూలన, ఉత్తరానికి తెరుచుకునేలా పెడతారు. పడుకునేటప్పుడు తల దక్షిణానికో తూర్పుకో ఉండాలంటారు. అంటే దక్షిణం గోడ ఖాళీగా కావాలి, నైరుతి మూల ఖాళీగా కావాలి. ఎన్ని ప్లాన్లలో ఆ గోడకే పెద్ద కిటికీ, ఆ మూలకే టాయిలెట్ తలుపు ఉంటాయో బ్రోచర్ తిరగేస్తే తెలుస్తుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండకు బాగా కాలే మూల అది. అక్కడ నేల నుంచి సీలింగ్ దాకా గాజు పెట్టి, తర్వాత రెండు టన్నుల ఏసీకి పాయింట్ ఇస్తున్నారు. కొలతలూ చూడండి. పది బై పదకొండు గదిలో ఆరడుగుల మంచం వేస్తే రెండు పక్కలా రెండేసి అడుగులు. పొడవులో మంచం ఆరున్నర, ఎదురుగా వార్డ్‌రోబ్ రెండు. మధ్యలో మిగిలేది రెండున్నర అడుగులు. వార్డ్‌రోబ్ తలుపు తీస్తే మనిషి మంచమెక్కాలి.

ఇంతకుముందు ఇలాంటివి ఇటుక గోడ పగలగొట్టి సర్దుకునేవాళ్లు. ఇప్పుడు పెద్ద టవర్లు చాలావరకు మైవాన్‌లోనే. అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీట్ గోడలవి, బరువు మోసేవి. స్విచ్ బోర్డు జరపాలన్నా కష్టమే. కాబట్టి ప్లాన్‌లో తప్పు ఉంటే అది ఆ ఇంటి ఆయుష్షంతా ఉంటుంది. ప్లాన్ మీద ఇంకో రెండు నెలలు కూర్చోవాల్సిన అవసరం బిల్డర్లకు ఇప్పుడున్నంతగా ఎప్పుడూ లేదు.

కొత్తగా వచ్చిన అవసరం అరగది, అంటే ఇంటి నుంచి పని చేసుకునే చిన్న గది. 2020 లాక్‌డౌన్ తర్వాత టూ అండ్ హాఫ్ బీహెచ్‌కే అన్న మాట మామూలైపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న ఆలోచన మాత్రం తక్కువ. మన ఐటీ వాళ్లలో చాలామందికి కాల్స్ అమెరికా వేళలకి, రాత్రిపూట ఉంటాయి. ఆ గది పిల్లల పడగ్గదితో గోడ పంచుకుంటే ఎవరికీ నిద్ర ఉండదు. హాలు పక్కనో, సింహద్వారం పక్కనో ఉంటే పగలు ట్యూషన్‌కీ పనికొస్తుంది. ఇక పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఇక్కడ అమ్మానాన్నల కోసం కొనే ఫ్లాట్ల సంగతి వేరు. వాళ్లు క్లబ్‌హౌస్ ఫొటోలు చూస్తారు. ఆ పెద్దవాళ్లకి కావాల్సింది బాత్రూమ్‌లోకి గడప లేకపోవడం. రెండున్నర అడుగుల టాయిలెట్ తలుపులో చట్రం పోగా వీల్‌చెయిర్ దూరదు. మూడడుగుల తలుపు ఒక్క గదికైనా పెట్టమంటే ఎక్కువ అడిగినట్టు కాదు.

బాల్కనీ అయిదడుగుల లోతు లేకపోతే రెండు కుర్చీలు ఎదురెదురుగా పడవు. అంతకంటే తక్కువైతే అది పావురాల కోసం వల కట్టే చోటే. కామన్ వాల్స్ లేవని గొప్పగా రాసుకుంటున్నారు, నిజంగానే గాలి వస్తుంది. కానీ బయటి గోడలు పెరిగినకొద్దీ సేలబుల్ ఏరియాకీ కార్పెట్ ఏరియాకీ మధ్య తేడా పెరుగుతుందని ఆ పక్కన రాయరు.

బ్రోచర్లో మంచం బొమ్మ ఆరడుగులా నాలుగున్నరా అని ఎవరూ కొలిచి చూడరన్న ధీమా కొందరికి ఇంకా ఉంది. శాంపిల్ ఫ్లాట్లలో తలుపులే బిగించని చోట్లూ ఉన్నాయి, తెరిచినప్పుడు దేనికి తగులుతాయో తెలియకుండా. ప్రతి గదిలో అసలు కొలతల మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ గీసి, వాటి మధ్య మిగిలే జాగా అడుగుల్లో రాసి ఇచ్చే బిల్డర్ ఎదుటివాడి కంటే అడుగుకి రెండు వందలు ఎక్కువ అడిగినా ఇస్తారని నా నమ్మకం.

వీటన్నిటికీ అసలు పరీక్ష చిన్న ఇళ్లలో. జీఎస్టీ ఒక్క శాతమే పడాలంటే హైదరాబాద్‌లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, అంటే దాదాపు 645 అడుగులు దాటకూడదు, ధర 45 లక్షలు మించకూడదు. ఆ ధరకి ఊళ్లో ఇల్లు దొరకడమే గగనం. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం టిడ్కో ఇళ్లు 300, 365, 430 అడుగుల్లో కట్టారు. ఇలాంటి చోట నడవాకి నలభై అడుగులు వదిలితే ఇంట్లో పదో వంతు పోయినట్టే. రెండు కోట్ల ఫ్లాట్లకు డిజైన్ పోటీలు, అవార్డులు పెట్టేవాళ్లు 400 అడుగుల ఇంట్లో అంట్లు తోమే చోటు ఎక్కడ పెట్టాలన్న దానికి ఒక పోటీ పెడితే, ముందుగా దరఖాస్తు చేయాల్సింది మన ఆర్కిటెక్చర్ కాలేజీల మూడో ఏడాది విద్యార్థులు.