సర్వర్ డౌన్, అమ్మ సేఫ్

వయోవృద్ధుల రక్షణ కోసం ఈ దేశంలో నిజంగా పనిచేస్తున్న పథకం ఒకే ఒక్కటి ఉందని ఈమధ్యే కనిపెట్టాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వర్ డౌన్ కావడం.

నవ్వకండి. ఆరుంబావు గంటలు నిలబడి మరీ చూసొచ్చాను.

బ్యాంకు లోనుకు ఈసీ, అంటే ఆస్తి మీద ఏ లావాదేవీలు జరిగాయో చెప్పే సర్టిఫికెట్, కావాల్సొచ్చి తిరుపతి దగ్గర ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. చెబితే నా ఈసీ మనవళ్ల కాలానికి వస్తుంది. పదిన్నరకు వెళ్లేసరికి "సర్వర్ లేదు" అన్నారు. ఎప్పుడొస్తుందంటే, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందని అడిగినవాణ్ని చూసినట్టు చూశారు. సరేనని బయట కానుగ చెట్టు కింద, డాక్యుమెంట్ రైటర్ బల్ల పక్కన నిలబడ్డాను. అప్పుడొచ్చి ఆగింది ఒక తెల్ల కారు.

స్టీరింగ్ వదిలి నలభై అయిదేళ్ల కొడుకు దిగాడు. గబగబా అటు తిరిగి వెళ్లి వెనక డోరు తీశాడు. "మెల్లిగా మా, గుంత ఉంది, చూసి కాలు పెట్టు" అంటూ చెయ్యి అందించాడు. డెబ్బై అయిదేళ్ల తల్లి దిగింది. కొత్త చీర, ఇంకా మడతల గీతలు కూడా పోలేదు.

జిరాక్స్ షాపు నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. జేబురుమాలుతో తుడిచాడు. ఒక కాలు ఊగుతోందని అది వాపసిచ్చి ఇంకోటి తెచ్చాడు. నీడ జరిగిన కొద్దీ కుర్చీని తల్లితో సహా జరిపాడు. పదకొండింటికి ఎళనీరు. కాయ ముదురుగా ఉందని బండివాడితో గొడవపడి ఇంకోటి కొట్టించాడు. పన్నెండుకి బీపీ మాత్ర. అది తిన్నాక వేసుకోవాలా, తినకముందా అన్నది మాత్రం ఆయనకు తెలియలేదు. పెళ్లానికి ఫోన్ చేశాడు, ఆమెకూ తెలియలేదు. చివరికి అమ్మనే అడిగి తెలుసుకున్నారు. పనిలో పనిగా స్పీకర్లో కోడలు, "అత్తా, ఏమన్నా తిన్నావా? ఎండలో కూర్చోవద్దు" అంది. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి ఆవిడకు కాస్త టైం పట్టింది.

ఒంటిగంటకు, "సంగటి తెప్పించేదా మా, అన్నమా?" పిల్లనిచ్చిన మామను కూడా ఈరోజుల్లో ఎవరూ ఇలా అడగడం లేదు.

తర్వాత వేలిముద్ర ప్రాక్టీసు మొదలైంది. చెనిక్కాయలు ఒలిచి, సంగటి కెలికి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లవి. మెషీన్‌కు ఒక పట్టాన చిక్కవు. అందుకని కొడుకు ఆ బొటనవేలిని తడిగుడ్డతో తుడిచాడు. రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాడు. ఊదాడు. వెలుతురులో పట్టి గీతలు చూశాడు. మళ్లీ రుద్దాడు. పసిబిడ్డకు నలుగు పెట్టేటప్పుడు తల్లి చేతుల్లో ఉండే శ్రద్ధ అది. నలభై అయిదేళ్లలో ఆవిడ వంట్లోని ఏ భాగానికీ ఆయన ఇంత సేవ చేసి ఉండడని నా గట్టి నమ్మకం. మోకాళ్లకైతే ఖాయంగా చేసి ఉండడు, ఎందుకంటే రిజిస్ట్రేషన్‌కు మోకాళ్లు అక్కర్లేదు.

రెండింటికి ఆవిడ చేతిసంచిలో ఫోన్ మోగింది. కొడుకు తొంగిచూసి, మెత్తగా, "అక్క అయితే ఎత్తొద్దు మా, తర్వాత మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

ఇదంతా ఎవరి పుణ్యం? సర్వర్‌ది. అది పదిన్నరకే వచ్చి ఉంటే పదకొండుకల్లా ఆవిడకు కుర్చీ లేదు, ఎళనీరు లేదు, సంగటి ప్రస్తావన అసలే లేదు. 2007లో పార్లమెంటు 32 సెక్షన్లతో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. ఆ 32 సెక్షన్లు కలిసి పెట్టించలేని గౌరవాన్ని ఒక చెడిపోయిన సర్వర్ ఆరుంబావు గంటలు పెట్టించింది. కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: పెద్దవాళ్ల పేరు మీద సెంటు స్థలమైనా ఉన్న ప్రతిచోటా సర్వర్‌ను శాశ్వతంగా డౌన్ చేయించండి. కొత్తగా బడ్జెట్ అక్కర్లేదు. సిబ్బందికి ఇప్పటికే మంచి అనుభవం ఉంది.

సర్వర్ రాలేదు కాబట్టి నేను దస్తావేజు కూడా చదవగలిగాను. డాక్యుమెంట్ రైటర్ మంచివాడు, బల్ల మీద పరిచే ఉంచాడు. "నా కుమారుడవైన నీయందు నాకు గల ప్రేమాభిమానములచే, నా పూర్తి ఇష్టముతో, ఎవరి బలవంతమూ లేక, ఎట్టి షరతులూ లేకుండా..." అని మొదలై దాన విక్రయాది సర్వ హక్కుల మీదుగా పుత్ర పౌత్ర పారంపర్యం దాకా వెళ్లింది. ఎంత ప్రేమ! ఆస్తి చేతులు మారే కాగితంలో ఉన్నంత ప్రేమ మన సాహిత్యంలో కూడా లేదు. ఆ ప్రేమంతా కొడుకే పక్కన కూర్చుని చెప్పి రాయించాడు. "ఎవరి బలవంతమూ లేక" అన్నచోట రైటర్ ఒక అక్షరం తప్పు కొడితే, దిద్దించింది కూడా ఆయనే.

నా గొడవ ఆ ప్రేమతో కాదు. "ఎట్టి షరతులూ లేకుండా" అన్న ఆ మూడు ముక్కలతో.

చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుంది. నన్ను చూసుకోవాలి, నా కనీస అవసరాలు తీర్చాలి అన్న షరతు మీద పెద్దవాళ్లు ఆస్తి రాసిచ్చారనుకోండి. పుచ్చుకున్నవాడు చూడలేదు. అప్పుడు ఆ రాత మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్కగట్టి, ఇచ్చినవాళ్లు కోరితే ట్రిబ్యునల్ దాన్ని చెల్లదనొచ్చు. ట్రిబ్యునల్ అంటే ఢిల్లీ పోనక్కర్లేదు, మన ఆర్డీవో స్థాయి అధికారే కూర్చుంటారు. ఇంత మంచి సెక్షన్‌లో పట్టు అంతా "షరతు" అన్న ఒక్క మాట దగ్గరుంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, షరతు ఉందని చూపించలేకపోతే ఈ సెక్షన్ పనిచేయదని. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కేసులో అదే కోర్టు కొంచెం మెత్తబడి, ఇది పెద్దవాళ్ల మేలు కోసం చేసిన చట్టం, దాన్ని ఉదారంగా చదవాలంది. ఆవిడ ఇల్లు ఆవిడకు వచ్చింది. కానీ ఆవిడ దగ్గర కొడుకు రాసిచ్చిన కాగితం వేరే ఉంది, చివరిదాకా చూసుకుంటానని. ఇక మద్రాసు హైకోర్టు, ప్రేమాభిమానాలతో ఇచ్చానని రాశారంటే చూసుకోవాలన్న షరతు అందులోనే ఉన్నట్టు అనే దాకా వెళ్లింది. అంటే నగరి దాటి అటు తమిళనాడులోకి పోతే అమ్మ ప్రేమకు కాస్త చట్టబలం దొరకొచ్చు. ఇవతల ఉన్నవాళ్లు మాత్రం రాయించుకుంటేనే క్షేమం.

రాయించుకోవడానికి ఎంతవుతుంది? రైటర్‌నే అడిగాను. "రెండు లైన్లు సార్. దానికి వేరే డబ్బులు కూడా తీసుకోను. బతికినన్నాళ్లు అదే ఇంట్లో ఉండే హక్కు కూడా పెట్టుకోవచ్చు. అసలు వీలునామా రాస్తే సరిపాయె, బుద్ధి పుట్టినప్పుడు మార్చుకోవచ్చు" అన్నాడు. మరి చెప్పరేం అంటే, "చెప్తే ఆయప్ప ఎదురుగా ఉండే రైటర్ దగ్గరికి పోతాడు" అని ఎదురు బల్ల చూపించాడు. దాని చుట్టూ అప్పటికే ముగ్గురు కొడుకులు, ముగ్గురు అమ్మలు ఉన్నారు.

రాయించుకోని తల్లి గతేమిటి? సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ. కౌన్సెలింగ్. "నాయనా, అమ్మను బాగా చూసుకో." "చూసుకుంటా సార్." అయిపోయింది. ఇద్దరూ ఒకే ఆటోలో ఇంటికి పోతారు. ఆ తర్వాత ఇంట్లో జరిగే కౌన్సెలింగ్‌కు అధికారులెవరూ రారు. ఇంతకంటే రాజీ పంచాయతీలన్నీ కాణిపాకానికి మార్చేస్తే నయం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటే సగంమంది కొడుకులు చిత్తూరు దగ్గరే బస్సు దిగిపోతారు. ఆర్డీవో ముందు అబద్ధమాడితే కళ్లు పోతాయన్న భయం ఎవరికీ లేదు.

పోషణ భృతి అర్జీని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. కిటుకంతా "అందిన" దగ్గరుంది. బెంగళూరులో ఉన్న కొడుకుకు ఓటీపీ రెండు సెకన్లలో అందుతుంది, అమ్మ పింఛను పడిందన్న కబురు ఒకటో తేదీ తెల్లారకముందే అందుతుంది, ఒక్క నోటీసు మాత్రం అందదు. అందినా, తేలినా, నెలకు 10,000 మించకూడదని 2007లో గీసిన గీత ఇంకా అక్కడే ఉంది. ఆ గీత చెరిపేద్దామని, అల్లుళ్లనూ కోడళ్లనూ కూడా బాధ్యుల్ని చేద్దామని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. పెట్టినవాళ్లే దాన్ని పట్టించుకోలేదు. మూలన కూర్చుని కూర్చుని 2024లో ఆ లోక్‌సభతోపాటు పోయింది. పెద్దవాళ్ల బిల్లుకు కూడా పెద్దవాళ్ల గతే పట్టింది.

ఏటా జూన్ 15న, పెద్దవాళ్లపై వేధింపుల గురించి అవగాహన దినం నాడు, మాత్రం శాలువాలు ఉంటాయి. అరటిపండ్లు కూడా.

ఇంతవరకూ ఏదో సరదాగా రాస్తూ వచ్చాను. ఇక నావల్ల కాదు. ఎందుకంటే మాది తిరుపతి.

మా ఊరికి అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్లు లక్షల్లో ఉన్నారు. తిరిగి తీసుకెళ్లనివాళ్లు కూడా ఉన్నారు. గుండు చేయించి, దర్శనం చేయించి, లడ్డూ చేతిలో పెట్టి, "ఇక్కడే కూర్చో మా, టీ తెస్తా" అని పోయినవాడు రాడు. బస్టాండులో ఒకావిణ్ని చూశాను. రెండు రోజులు ఆ బెంచీ మీద నుంచి లేవలేదు. లేచిన టైములో కొడుకు వస్తే వెతుక్కుంటాడని. ఊరు అడిగితే చెప్పలేదు. కొడుకు పేరు అడిగితే నోరే మెదపలేదు. వాణ్ని పోలీసులు ఏమన్నా చేస్తారేమోనని. వాడు ఈవిణ్ని పారేసిపోయాడు, ఈవిడ ఇంకా వాణ్ని కాపలా కాస్తోంది! లడ్డూ విప్పలేదు, మనవడికట.

దీనికి చట్టంలో 24వ సెక్షన్. మూడు నెలల దాకా జైలు, లేదంటే 5,000 దాకా జరిమానా, లేదంటే రెండూ. బెయిలు వస్తుంది. అయిదు వేలు! ఆవిణ్ని వదిలిపెట్టడానికి తెచ్చిన కారు బాడుగే అంతకంటే ఎక్కువ అయివుంటుంది. ఏరా, నువ్వు పారేసింది ఏమిటో నీకు తెలుసా? దేవుడు చూసుకుంటాడంటావు. ఆయన పెళ్లికి చేసిన అప్పుకే ఇంకా వడ్డీ కడుతున్నాడు. మీ అమ్మ బీపీ మాత్రలు కూడా ఆయన నెత్తినేనా? సిగ్గులేని వెధవా, నువ్వు మొక్కు తీర్చుకోలేదు, మొక్కుబడిగా అమ్మను హుండీలో వేసిపోయావు. ఇలాంటి పెద్దవాళ్లు ఎక్కడైనా కనిపిస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఎత్తుతారు. ఆవిడ కొడుకు నంబరుకు చేసి లాభం లేదు, అది అప్పటికే మారిపోయి ఉంటుంది.

సరే, కానుగ చెట్టు కిందికి వద్దాం.

నాలుగింటికి కొడుకు సిగరెట్టు కోసం అటు వెళ్లాడు. నేను ఆగలేకపోయాను. "పెద్దమ్మా, బతికినన్నాళ్లు నిన్ను చూసుకోవాలని అందులో రెండు లైన్లు రాయించుకోవచ్చు, తెలుసా?" అన్నాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నా కడుపున పుట్టినోనికి షరతా నాయనా? పాలిచ్చేటప్పుడు పెట్టినానా షరతు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున్నించి ఎంత బాగా చూసుకుంటాండాడో నువ్వే చూస్తివి గదా" అంది.

చూశాను. రైటర్ తల దించుకుని స్టాంపు పేపర్లు సర్దుకున్నాడు.

నాలుగూ నలభై అయిదుకు లోపలి నుంచి ఎవరో "సర్వర్ వచ్చింది" అని అరిచారు. అంతా లేచారు. బొటనవేలు మొదటిసారికే పడింది. పావుగంటలో బయటికొచ్చారు. కొడుకు ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ ముందు నడిచాడు, ఆవిడ చెప్పులు వెతుక్కుని వెనక నడిచింది. గుంత దగ్గర ఒక్క క్షణం ఆగి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటింది. కారు వెనక డోరు ఎలా తీయాలో ఆవిడకు తెలియలేదు. రెండుసార్లు లాగింది. మూడోసారికి వచ్చింది.