అవ్వా, కోడెదూడ ఏదీ?

వీగన్లను, అంటే మాంసమే కాదు, పాలు, నెయ్యి కూడా ముట్టనివాళ్లను, వెక్కిరించే పోస్టులు నేనూ చాలానే షేర్ చేశాను. పోయిన నెల మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చి నా నోరు మూయించాడు.

చంద్రగిరి దగ్గర మా ఊళ్లో అమ్మ రెండు జెర్సీ ఆవుల్ని సాకుతోంది. పొద్దున్నే కాఫీ ఇస్తే వాడు వద్దని, బ్యాగులోంచి బాదం పాల ప్యాకెట్ తీశాడు. లీటరు మూడొందలకు దగ్గర! నాకు ఒళ్లు మండింది. ప్రపంచంలో పండే బాదంలో ఎక్కువ భాగం కాలిఫోర్నియాదే. "ఇంటి ముందు పాలు పిండుతుంటే సముద్రాలు దాటొచ్చిన బాదం ఎందుకురా?" అన్నాను.

వాడు నాకు జవాబివ్వలేదు. అమ్మను అడిగాడు. "అవ్వా, పోయినసారి కోడెదూడ ఉండె కదా, ఏదీ?"

అమ్మ గ్లాసు కడుగుతూనే ఉంది. సంతకు తోలేశాం. ట్రాక్టర్లు వచ్చాక జెర్సీ కోడెతో ఎవరికి పని? అక్కడి నుంచి అది ఎక్కడికి పోతుందో మాకు తెలియక కాదు.

అప్పట్నుంచి 'లోకల్' అనే మాట గట్టిగా అనలేకపోతున్నా. మా ఆవులు మేసే సూపర్ నేపియర్ గడ్డికి నీళ్లు 900 అడుగుల బోరులోంచి రావాలి. దాణా ఏ రాష్ట్రం నుంచి వస్తుందో ఎప్పుడూ అడగలేదు. 2018లో 'సైన్స్' పత్రికలో 119 దేశాల పొలాల లెక్కలు తీసిన అధ్యయనం వచ్చింది. దాని ప్రకారం భూమిని వేడెక్కించే వాయువుల్లో తిండి రవాణా వాటా తక్కువ, పశువుల మీథేన్, మేత వాటా ఎక్కువ. సముద్రాలు దాటొచ్చిందన్న నా వాదన అక్కడే పోయింది.

అలాగని వాడు గెలిచాడనీ ఒప్పుకోను. వీగన్ అంటే ప్యాకెట్లేనా? మా ఇళ్లలో ఒకప్పటి కంచం చూడండి: రాగి సంకటి, చెనక్కాయ ఊరుబిండి, ఉలవచారు. చలికాలం వస్తే అనపగింజలు రాత్రి నానేసి, తెల్లారి నలుగురూ కూర్చుని ఒక్కొక్కటీ పితికి, ఆ పప్పుతో కూర. వేలి గోళ్లు నొప్పి పుట్టేవి. అందులో పాలచుక్క లేదు. పాలు అమ్ముకోవడానికే కాబట్టి లేదు, అది వేరే సంగతి. బీ12 విటమిన్ మాత్రం ఆ కంచంలో దొరకదు, దానికి మాత్ర వేసుకోవాల్సిందే. వాడు వేసుకుంటున్నాడట.

ఇక ఆవుల్ని తీసేయమని బెంగళూరులో కూర్చుని చెప్పడం తేలిక. మామిడి డబ్బు ఏడాదికోసారి, అదీ పల్ప్ ఫ్యాక్టరీల దయ. 2025లో తోతాపురి ధర ఎలా కూలిందో జిల్లా అంతా చూసింది. మా అమ్మకు చేతిలో రూపాయి ఆడేది పాల బిల్లుతోనే.

నేను కాఫీ మానలేదు. రోజుకు నాలుగు తాగేవాణ్ణి, రెండుకు వచ్చాను. అంతే.

ఆ రాత్రి సంకటి ముద్దలో గుంట చేసి, అమ్మ అలవాటుగా నెయ్యి గిన్నె అందుకుంది. వాడివైపు చూసి ఆగింది. గిన్నె పక్కన పెట్టి, గానుగ చెనక్కాయ నూనె పోసింది. వాడు రెండో ముద్ద అడిగాడు.