స్టీరింగ్ వల్ల ఫోన్‌కి అంతరాయం

బెంగళూరులో కారు నడపాల్సి రావడం వల్ల జనానికి ఫోన్ మీద ధ్యాస కుదరడం లేదు. ఈ విషయాన్ని ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. మారతహళ్లిలో ఉంటున్న మా బావమరిది కష్టం కళ్లారా చూశాక, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

మొన్న సోమవారం అతని కారులో సిల్క్‌బోర్డు జంక్షన్ మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి బయల్దేరాం. చెవిలో బ్లూటూత్, డ్యాష్‌బోర్డు మీద దారి చూపించే ఫోను, ఒళ్లో ఇంకో ఫోను. తొమ్మిదిన్నరకి మీటింగు మొదలైంది. మేనేజరు ఏదో అడుగుతున్నాడు, మ్యాపులో అమ్మాయి సర్వీస్ రోడ్డులోకి దిగమంటోంది, ఇంతలో అనంతపురం నుంచి మా అత్తగారి ఫోను. మావాడు మేనేజరుకి "తిన్నానమ్మా" అని, అమ్మకి "సాయంత్రానికి పంపించేస్తా" అని చెప్పి, దిగాల్సిన చోట దిగకుండా తిన్నగా పోయాడు. ఏం పంపిస్తాడో అని ఆవిడ ఇప్పటికీ ఎదురుచూస్తోంది.

నేను నోరు తెరవబోతే, "బావా, కాసేపు మాట్లాడకు, డిస్టర్బ్ అవుతుంది" అన్నాడు.

నిజానికి పక్కన కూర్చున్నవాడికి లారీ కనబడితే దానంతటదే నోరు పడిపోతుంది. మేనేజరుకి లారీ కనబడదు. అందుకే ఆయన మాట ఆగదు.

చట్టం మాత్రం మావాడి పక్షమే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, చేత్తో పట్టుకుని ఫోన్ వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. మావాడి చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. మనసు మీటింగులో ఉంది, కానీ దాన్ని ఆపి చలానా రాసే పోలీసు ఇంకా పుట్టలేదు.

అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్లు ఈ ముచ్చటే పరీక్షించి 2006లో ప్రచురించారు. నలభై మందిని సిమ్యులేటర్‌లో, అంటే తెర మీది రోడ్డులో నడిపే ఉత్తుత్తి కారులో, కూర్చోబెట్టి, ఫోన్ మాట్లాడిస్తూ ఒకసారి, మందు తాగించి ఒకసారి నడిపించారు. ముగ్గురు ముందున్న కారుని వెనక నుంచి ఢీకొట్టారు. ముగ్గురూ ఫోన్ మాట్లాడుతున్నప్పుడే! ఫోను చేతిలో ఉన్నా, చేతులు ఖాళీగా ఉన్నా తేడా కనబడలేదట. (తాగినప్పుడు ఎవరూ ఢీకొట్టలేదన్న ముక్క పట్టుకుని నాకెవరూ ఫోన్ చేయొద్దు. ముఖ్యంగా బండి నడుపుతూ.)

అలాగని మా బావమరిదినొక్కణ్నే అనడం అన్యాయం. మా పక్కన ఆటో ఆయన హ్యాండిల్‌కి రెండు ఫోన్లు బిగించుకున్నాడు, ఒకటి సవారీలకి, ఇంకోటి క్రికెట్‌కి. ఒక కుర్రాడు హెల్మెట్‌లో ఫోన్ ఇరికించి, మెడ వాల్చి, భార్యకి కాబోలు, సంజాయిషీ చెప్పుకుంటూ బస్సుకీ డివైడరుకీ మధ్య నుంచి జారిపోయాడు. హెల్మెట్ ఫోన్ స్టాండుగా పనికొస్తుందని తెలిశాకే మనవాళ్లకి దాని మీద గౌరవం పెరిగింది.

పగలు ఏ గొడవా లేదు. సిల్క్‌బోర్డు దగ్గర బండి నత్తలా పాకుతుంటే సినిమా చూసినా ఎవరికీ ఏమీ కాదు, వెనకవాళ్ల హారన్లు తప్ప. చిక్కంతా రాత్రిపూటే. తిరిగొచ్చేటప్పుడు పదకొండు దాటింది, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఖాళీగా ఉంది. కారు అరవైలో పోతోంది. ఒళ్లో ఫోను టింగుమంది. మావాడు తల దించాడు.

అరవైలో రెండు సెకన్లంటే 33 మీటర్లు. అంటే దాదాపు మూడు సిటీ బస్సుల పొడవు. ఆ మూడు బస్సుల దూరమూ కారుని ఎవరూ నడపలేదు. ముందున్న ట్యాంకరు ఎర్ర లైట్లు వెలిగాయి. నా వైపు బ్రేకు ఉండదని తెలిసీ కాలు నేలకేసి తొక్కాను.

"ఏంటి బావా, టెన్షనా?" అన్నాడు, బ్రేకు వేసి.

"ఎవర్రా?"

"అమ్మ."

చూపించాడు. గులాబీ పువ్వు, దాని మీద మంచు బిందువులు, కింద 'శుభరాత్రి'.

నాకూ వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.