హీలర్ దొరకని జట్టు, లస్కరు లేని కాలువ

ఆన్‌లైన్ ఆట అనగానే మన దగ్గర మాట పందేల మీదికో, పిల్లలు పాడైపోతున్నారన్న బెంగ మీదికో పోతుంది. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చినప్పుడూ చర్చ అక్కడక్కడే తిరిగింది. పందెం ఊసే లేకుండా నెలల తరబడి పదిమంది కలిసి ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలూ ఉన్నాయి. భీమవరం, కాకినాడ హాస్టళ్లలో మంచి ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాళ్లకు అవి కొత్తేం కాదు. డెల్టా నీటి సంగతి తెలిసినవాళ్లు కూడా వాటిని ఒకసారి చూడాలంటాను.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అలాంటి ఆటే. అందులో మొదట తొమ్మిది క్లాసులు, అంటే ఆటగాడు ఎంచుకునే పాత్రల రకాలు, ఉండేవి. వారియర్, ప్రీస్ట్, మేజ్, రోగ్, డ్రూయిడ్, ఇలా పేర్లు ఎన్ని ఉన్నా ఐదుగురి జట్టు గుహలోకి దిగాక పనులు మూడే. ఒకడు దెబ్బలు కాసే ట్యాంక్, ఒకడు గాయాలు మాన్పే హీలర్, మిగతా ముగ్గురూ కొట్టేవాళ్లు.

పోరాటం నడిచే తీరు భలే ఉంటుంది. రాక్షసుడు ఎవరి మీద ఎక్కువ కోపంగా ఉంటే వాడి మీద పడతాడు. ఆ కోపాన్ని తన మీదికి లాక్కోవడమే ట్యాంక్ పని. మంత్రాలు వేసే మేజ్ తొందరపడి మంటలు కురిపిస్తే కోపం అటు మళ్లుతుంది, రెండు దెబ్బలకే వాడు నేలకూలతాడు. తిట్లు మాత్రం హీలర్‌కి! ఇంకో తమాషా ఏంటంటే, వైద్యం చేసినా రాక్షసుడికి కోపం పెరుగుతుంది. అంటే హీలర్ ఎవరినీ కొట్టకుండానే శత్రువును తెచ్చుకుంటాడు.

అసలు పేచీ మీటరు దగ్గర వస్తుంది. ఎవరు ఎంత కొట్టారో తెర మీద చూపించే డ్యామేజ్ మీటర్లను ఆటగాళ్లే యాడ్‌ఆన్లుగా, అంటే ఆటకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములుగా, తయారు చేసుకున్నారు. వైద్యాన్నీ ఆ మీటరు లెక్కపెడుతుంది, నిజమే. కానీ జట్టు జాగ్రత్తగా ఆడి దెబ్బలు తక్కువ తిన్న రోజున హీలర్ అంకె పడిపోతుంది. ఆట బాగా సాగినకొద్దీ అతను ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. ఇక ఆ పాత్ర ఎవరికి కావాలి? అందరూ కొట్టేవాళ్లే అయ్యారు. 2009 డిసెంబరులో జట్టును దానంతటదే కూర్చే ఏర్పాటు వచ్చాక ట్యాంకులు, హీలర్లు వెంటనే లోపలికి వెళ్తుంటే కొట్టేవాళ్లు క్యూలో పడిగాపులు కాశారు. చివరికి 2011లో, కొరతగా ఉన్న పాత్రలో వచ్చినవాళ్లకు అదనపు బహుమతి మూట ఇవ్వాల్సి వచ్చింది. 2012లో గిల్డ్ వార్స్ 2 అసలు హీలరే అక్కర్లేని ఆట చేస్తామని బయల్దేరింది. 2015లో రెయిడ్లు, అంటే పెద్ద జట్టు కలిసి చేసే కష్టమైన పోరాటాలు, పెట్టాక అక్కడా హీలర్లకు చోటివ్వక తప్పలేదు.

సరదా కోసం ఆడే ఆటలో ఇంత తాపత్రయం ఎందుకు, ఒక్కడే ఆడుకుంటే పోదా అనేవాళ్లున్నారు. ఆడుకోవచ్చు. పది పందుల్ని చంపి తోళ్లు పట్టుకురమ్మనే క్వెస్టులు, అంటే ఆట అప్పగించే పనులు, అందుకోసమే ఉన్నాయి. అవి చేసిన మర్నాడే మరిచిపోతాం. ఐదుగురు కావాల్సిన క్వెస్టు అలా కాదు, ఏళ్ల తర్వాత కూడా దాని కబుర్లు నడుస్తాయి.

ఇప్పుడు ధవళేశ్వరం దిగువకు రండి. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాటన్ దొరకు దండలు వేస్తున్నాం. వేయాల్సిందే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో దాదాపు పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయంటే ఆయన చలవే. మరి ఆ నీటిని రోజూ నడిపించే లస్కరు ఎవరికి గుర్తున్నాడు? షట్టర్లు ఎత్తేదీ దించేదీ అతనే. తూముకు అడ్డం పడిన గుర్రపుడెక్క లాగేసేదీ, గట్టు జారుతోందని ముందుగా కబురు పెట్టేదీ అతనే. దాళ్వాలో, అంటే రబీ వరి పంటకు, వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో, తన వంతు కాకుండా తూము ఎత్తబోయిన ఎగువ రైతుతో గొడవపడి శివారు చేలకు నీళ్లు చేరుస్తాడు. ఇతనూ ఎవరినీ కొట్టకుండానే శత్రువుల్ని తెచ్చుకుంటాడు. గండి పడితే పేపర్లో ఫొటో వస్తుంది, మంత్రులు వస్తారు. గండి పడని ఏడాది అతని పనికి అంకె లేదు. అందుకే రిటైరైనవాళ్ల స్థానాలు భర్తీ కాక, ఉన్నవాళ్ల మీద మైళ్లకొద్దీ కాలువ పడుతోంది. కొత్త ఎత్తిపోతలకు శంకుస్థాపన చేస్తే మీటరు పెరుగుతుంది, లస్కర్ని వేస్తే పెరగదు. రాజకీయాల్లో అందరూ కొట్టే క్లాసే ఎంచుకుంటున్నారు.

ఒక ఆట కంపెనీ ఏడేళ్లలో గ్రహించి, కొరత ఉన్న పనికి కూలి పెంచింది. జలవనరుల శాఖ కనీసం లెక్కయినా బయటపెట్టాలి. వచ్చే దాళ్వాకు నీళ్లు వదిలేలోపు ఒక్కో కాలువకు ఎంతమంది లస్కర్లు ఉండాలో, ఎంతమంది ఉన్నారో ప్రతి లాకుల దగ్గరా బోర్డు కట్టండి. ఖాళీలు నింపే తేదీ కూడా దాని మీదే రాయండి.