సొంత శాలువాల ముప్పు

తెలుగువాడికి గౌరవం భుజాల మీదికి వస్తుంది. అదీ ఇంకొకరి చేతుల మీదుగా రావాలి. వేదిక ఉండాలి, వెనకాల ఫ్లెక్సీ ఉండాలి, ఫ్లెక్సీలో మన మొహం పైన మనకన్నా పెద్ద మొహాలు నాలుగు ఉండాలి. మైకు ఒకసారి కీచుమనాలి. అప్పుడు ఎవరో ఒకరు శాలువా తీసి మనకు కప్పాలి, మడతలు ఇంకా పోకముందే ఫోటో పడాలి. తర్వాత ఆ శాలువా బీరువాలోకి వెళ్లి, మరో సభలో మరొకరి భుజాలు వెతుక్కుంటుంది. మా కాలనీలో ఒక మెరూన్ శాలువా ఇలా అందరినీ సత్కరించుకుంటూ పోయి చివరికి నా దగ్గరికే తిరిగొచ్చింది. అంచు మీద కాఫీ మరక చూసి గుర్తుపట్టాను.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థకు ఈమధ్య ఒక ముప్పు వచ్చిపడింది. కొంతమంది తమ శాలువా తామే అల్లుకుంటున్నారు.

కాలనీ సంక్షేమ సంఘం ప్రధాన కార్యదర్శిగా ఈ సంగతి ప్రజల దృష్టికి తేవడం నా విధి. మా హైదరాబాద్ కాలనీ పార్కులో శనివారం సాయంత్రాలు కొందరు కానుగచెట్టు కింద చేరి ఊలు బంతులు ముందేసుకుని కూర్చుంటున్నారు. బ్యాంకులో రిటైరైన ఒకావిడ, ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి, డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చే నర్సు, పాలకొల్లు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన పెద్దావిడ, ఆఖరికి ఒక రిటైర్డ్ లెక్చరరు, సాక్షాత్తూ మగమనిషి. మొదట్లో నేను పట్టించుకోలేదు. హైదరాబాద్‌లో చలి ఎంతని? డిసెంబరులో రోడ్డు పక్కన టిబెటన్ల దగ్గర ఒక మంకీ క్యాప్ కొనుక్కుంటే సంక్రాంతితో దాని అవసరం తీరిపోతుంది. లంబసింగిలో ఉండేవాళ్లు స్వెటర్ అల్లుకున్నారంటే అర్థం ఉంది. ఏప్రిల్ ఎండలో ఊలు ఒళ్లో పెట్టుకుని నవ్వుకుంటున్న వాళ్లను చూస్తే ఎవరికైనా అనుమానం రాదా?

వెళ్లి "మీ ప్రెసిడెంటు ఎవరమ్మా?" అని అడిగాను.

"ఎవరూ లేరు అన్నయ్యగారూ. కాస్త ఈ ఊలు చిలప పట్టుకోండి" అంది బ్యాంకావిడ. నేను తేరుకునేలోగా నా రెండు చేతులూ ముందుకు చాపించి, వాటికి ఊలు తగిలించి, అటువైపు నుంచి బంతి చుట్టడం మొదలుపెట్టింది. ముగ్గురు ఎమ్మెల్యేలకు బొకేలు అందించిన చేతులవి.

అలా నిర్బంధంలో ఉన్న కాసేపట్లో నా కళ్లతో చూసింది చెబుతాను. సాఫ్ట్‌వేర్ అమ్మాయి అల్లుతున్న స్వెటర్ వీపు భాగం అప్పటికే జానెడు దాటింది. ఉన్నట్టుండి ఆగి, కిందికి చూసి, గోటితో ఒకచోట తడిమింది. ఎక్కడో ఇరవై వరసల కింద సీదా కుట్టు పడాల్సిన చోట ఉల్టా కుట్టు పడిందట. నేను కళ్లజోడు సవరించుకుని మరీ చూశాను. నాకేమీ కనపడలేదు. కనపడినా ఏముంది, దాని మీద ఒక బొత్తాం కుట్టేసి ప్రారంభోత్సవం చేసేస్తే సరిపోయేది. మన వంతెనలూ రోడ్లూ అలాగే కదా నడుస్తున్నాయి. ఆ అమ్మాయి మాత్రం "నేనే చూసుకోలేదు" అని, సూది బయటికి లాగేసి, పోగు పట్టుకుని బర్రున విప్పేసింది. ఆ ఇరవై వరసల పనంతా వంకీలు తిరిగిన ఊలై ఒళ్లో కుప్పగా పడింది. విచారణ కమిటీ లేదు, గత ప్రభుత్వాన్ని తిట్టింది లేదు. నర్సు దగ్గరికి జరిగి, జారిపోకుండా ఒక్కొక్క కన్నూ లెక్కపెడుతూ తిరిగి సూది మీదికి ఎక్కించింది. లెక్చరరు విప్పిన ఊలు చుట్టిపెట్టాడు. ఇక అక్కణ్ణుంచి అందరూ తామెప్పుడు ఎంత విప్పుకున్నారో చెప్పుకోవడం మొదలెట్టారు. బ్యాంకావిడ పోయిన ఏడాది ఒక చెయ్యి మొత్తం విప్పేసిందట. దాన్ని అదేదో పద్మశ్రీ వచ్చినట్టు చెప్పింది! నా ప్రజాజీవితంలో తప్పుల గురించి ఇంత బహిరంగంగా, ఇంత ఉల్లాసంగా మాట్లాడిన సభ ఒక్కటి కూడా చూడలేదు. ఇటువంటివి పిల్లల కంట పడితే ఏం కావాలి?

తెలుగువాళ్లకు ఒక చోట చేరడం ఎలాగో ఒకరు నేర్పక్కర్లేదు. ఇద్దరు కలిస్తే సంఘం పెడతాం, ముగ్గురైతే చీలుస్తాం. అమెరికాలో తానా చాలదని ఆటా, అదీ చాలదని నాటా, నాట్స్ వచ్చాయి. ఎన్నారైలు ఎంత దూరం పోయినా పద్ధతి మరిచిపోలేదని మనకు గర్వంగా ఉంటుంది. కార్తీకమాసం వస్తే ఏ కులానికి ఆ కులం వేరే ఉసిరిచెట్టు చూసుకుని వనభోజనాలు చేసుకుంటుంది. మనిషికి తనవాళ్లంటూ ఉండాలి కదా. మరి ఈ కానుగచెట్టు కింద కూర్చున్నవాళ్ల ఇంటిపేర్లు ఒకరివి ఒకరికి తెలియవు. నేను విచారించాను. ఒకరి పిల్లాడి తలచుట్టు కొలత ఇంకొకరికి నోటికి వచ్చు, ఇంటిపేరు మాత్రం తెలియదు.

చీల్చడానికి నా వంతు ప్రయత్నం నేను చేశాను. వాళ్లలో రెండు వర్గాలున్నాయని కనిపెట్టాను. రెండు సూదులతో అల్లేవాళ్లు ఒకరు, ఒకే కొక్కెం సూదితో క్రోషా అల్లేవాళ్లు ఇంకొకరు. ఈ తేడా చాలు, మనలో నాలుగు తరాలు మాట్లాడుకోవడం మానేయడానికి. లెక్చరరును పక్కకు పిలిచి, "రెండు సూదుల వాళ్లకు చరిత్ర ఉంది మాస్టారూ, ఆ ఒంటి సూది వాళ్ల పక్కన మీరు కూర్చోవడం..." అని అందించాను. ఆయన శ్రద్ధగా విని, వెళ్లి కొక్కెం పట్టుకోవడం నేర్పమని పాలకొల్లు పెద్దావిడ పక్కన కూర్చున్నాడు.

పొరుగు రాష్ట్రంలో పరిస్థితి ఇంకా చేయిదాటిపోయింది. 2016 జనవరిలో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం ముక్కలు ముక్కలుగా అల్లినవన్నీ కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి, దక్షిణాఫ్రికా పేరిట ఉన్న గిన్నిస్ రికార్డు కొట్టింది. ఇంతవరకూ బాగానే ఉంది, రికార్డన్నాక సన్మానం ఉంటుంది. ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? మళ్లీ విడగొట్టి, దుప్పట్లుగా చేసి, లేనివాళ్లకు పంచిపెట్టారు. ఎవరు అల్లిన ముక్క ఎవరి మీద ఉందో ఎవరికీ తెలియదు! గుడికి ఒక ట్యూబులైటు ఇస్తే వెలుతురు బయటికి రాకుండా వంశవృక్షమంతా దాని మీద రాయించుకునే సంస్కృతి మనది. ఫ్యాను రెక్క మీద రాయిస్తే తిరిగేటప్పుడు పేరు కనపడదని ఫ్యాను ఆపించిన దాతను నేనెరుగుదును. దుప్పటికి అంత విశాలమైన జాగా ఉండి కూడా ఖాళీగా వదిలేసినవాళ్లను ఏమనాలి?

నార్వేలో 2013 నవంబరులో ప్రభుత్వ టీవీ ఒక రాత్రంతా అల్లికనే ప్రసారం చేసింది. గొర్రె బొచ్చు కత్తిరించిన దగ్గర్నుంచి స్వెటర్ తయారయ్యేదాకా ఎంతసేపు పడుతుందో చూసి ఆస్ట్రేలియావాళ్ల రికార్డు బద్దలు కొడదామనుకున్నారు. ఆస్ట్రేలియావాళ్లకు అయిదు గంటలు కూడా పట్టలేదు, వీళ్లకు ఎనిమిది దాటింది. ఘోరంగా ఓడిపోయారు. ఓడినవాళ్లు ఈవీఎంల మీద నెట్టలేదు, గొర్రెను కొనేశారని కూడా అనలేదు. మన చానళ్లలో అదే రాత్రి నలుగురు ఒకేసారి అరిచే చర్చ వచ్చి ఉంటుంది. దాని చివర స్వెటర్ కూడా మిగలదు.

ఆడవాళ్లు ఏదో కాలక్షేపానికి చేసుకుంటున్నారులే అని కొట్టిపారేద్దామంటే మగవాళ్లు అడ్డొస్తున్నారు. పెరూలో టిటికాకా సరస్సు మధ్య తకీలే అనే దీవి ఉంది. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్లే, చిన్నప్పుడే మొదలుపెడతారు. ఆ దీవి నేత, అల్లికల కళను యునెస్కో తన జాబితాలో పెట్టుకుంది. టామ్ డేలీ అనే బ్రిటిష్ డైవర్ టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచి, తర్వాత స్టాండ్స్‌లో కూర్చుని వేరేవాళ్ల పోటీలు చూస్తూ అల్లుకున్నాడు. ప్రపంచమంతా చూసింది. పతకం గీతలు పడకుండా దానికో చిన్న సంచీ కూడా అల్లాడు. మనం పతకం గెలిచినవాడికి శాలువా కప్పుతాం, ఈయన పతకానికే కప్పాడు. ఇక మా లెక్చరరును నేనేమని మందలించను?

భద్రతా కోణం కూడా ఒకటుంది, పోలీసువారు గమనించాలి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ సెన్సారువాళ్లు అల్లిక నమూనాలను విదేశాలకు పోస్టు చేయకుండా ఆపారు. "రెండు సీదా, ఒక ఉల్టా" అని రాసి ఉంటే అది మఫ్లరో, ఓడల రాకపోకలో ఎవరు చెప్పగలరు? 1944లో ఫిలిస్ లాటూర్ అనే బ్రిటిష్ గూఢచారిణి పారాచూట్‌తో నార్మండీలో దిగి, రహస్య సంకేతాలున్న పట్టుగుడ్డను అల్లిక సూదికి చుట్టి, జుట్టు కట్టుకునే బూటు లేసులో దాచుకుని జర్మన్ల మధ్య తిరిగింది. 135 సందేశాలు పంపింది. దశాబ్దాల తర్వాత గానీ కన్నపిల్లలకు కూడా తెలియదు. ఫ్రాన్స్ తన పెద్ద పతకం ఇచ్చేసరికి 2014 వచ్చింది. మనలో వార్డు మెంబరుగా నామినేషన్ వేసినవాడు ఆ సాయంత్రానికే ఊరంతా ఫ్లెక్సీ కడతాడు. ఇంత గుట్టుగా ఉండగలిగినవాళ్లు కానుగచెట్టు కింద ఏం మాట్లాడుకుంటున్నారో మనకేం తెలుసు?

పూర్వం ఈ బెడద లేదు. మన పెద్దలు దీనికి చక్కటి మందు కనిపెట్టారు, నరసాపురంలో నూరేళ్లకు పైగా వాడి చూశారు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీ దంపతులు గోదావరి డెల్టాలో ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ పాకింది. కొందరు పువ్వులు అల్లుతారు, ఇంకొందరు అతుకుపని చేసి వాటిని కలుపుతారు. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి, సరుకు పట్టుకెళ్తాడు. చివరికి అది ఏ యూరప్ భోజనాల బల్ల మీదికో చేరుతుంది. అమ్మినవాళ్లు ఎగుమతిదారులయ్యారు. అల్లినవాళ్లు? "ఇంట్లో ఖాళీగా ఉంటారండీ, ఊసుపోక అల్లుకుంటారు." అదీ మందు. ఆ ఒక్క మాటతో కూలి ఎంతివ్వాలన్న టెన్షన్ కూడా తీరిపోయింది, ఊసుపోకకు కూలేమిటి? మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి, వీళ్లు ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్న కార్మికులు, గృహిణులని పేరు పెట్టి ఆ పనిని కనపడకుండా చేశారు అని 1982లో పుస్తకమే వేసింది. మనం చలించలేదు. దేశం కానిదేశం నుంచి వచ్చినావిడకు మన సంప్రదాయం ఎలా తెలుస్తుంది?

పాలకొల్లు పెద్దావిడ ఆ కోవలోదే. మాట్లాడుతూనే ఉంటుంది, చూపు మన మీదే ఉంటుంది, చేతిలో తెల్లదారం తనంతట తాను పువ్వవుతుంది. నేను మర్యాదకు "ఏం చేస్తుండేవారమ్మా ఊళ్లో?" అని అడిగాను.

"మా ఆయనుండగా జనాభా లెక్కలవాళ్లొచ్చి అదే అడిగారు బాబూ. నేను అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్నాను. మా ఆయన 'ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది' అని రాయించాడు. ఆ నెల బియ్యం నా లేసు డబ్బుల్తోనే కొన్నాం" అంది.

నవ్వుతూనే అంది. కానుగచెట్టు కింద మాత్రం ఎవరూ నవ్వలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మాయి సూదులు కింద పెట్టి ఆవిడ చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది. కార్యదర్శిగా నాకు అక్కడ ఒక సంతాప తీర్మానం పెట్టాలనిపించింది, ఎవరి పేరు మీద పెట్టాలో తోచలేదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు పనికే ఆ పేరు చెల్లుతుందన్న జీఐ ముద్ర, ఇచ్చేశారు. అప్పటినుంచి ఈ పెద్దావిడ తీరే మారింది. మెషీన్ లేసు అంచున్న చీర కట్టుకుని ఎవరైనా పార్కులో కనపడితే పిలిచి, అంచు తిరగేసి చూసి, పాపం అన్నట్టు వదిలేస్తుంది. "మా నరసాపురం పని" అంటుంది. మా! కూలి పెరిగిందా అని అడిగాను, నా మందు ఇంకా ఎంత పనిచేస్తోందో తెలుసుకుందామని. "దాని సంగతి వేరే బాబూ" అంది. ఆ ఒక్క విషయంలో మాత్రం మన పెద్దల దూరదృష్టికి జోహార్లు.

చర్యలు లేకుండా ఊరుకోలేను కదా. వచ్చే శనివారం వాళ్లందరికీ సన్మానం పెడతామని ప్రకటించాను. ఒకసారి శాలువా కప్పేస్తే ఎంతటివాడైనా దారికొస్తాడు. మెరూన్ శాలువా ఇస్త్రీ చేయించి పట్టుకెళ్లాను. బ్యాంకావిడ దాన్ని అందుకుని, వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, "యాక్రిలిక్" అంది. నర్సు ఇటు తిప్పి అటు తిప్పి, అంచు ఊడుతోందని చూపించింది. పెద్దావిడ అప్పటికప్పుడు కొక్కెం తీసి, కాఫీ మరక కనపడకుండా చుట్టూ అంచు అల్లి నా చేతిలో పెట్టింది. ఇంత అవమానం నేనెప్పుడూ పడలేదు. అయితే ఇప్పుడా శాలువా ఇంకొకరికి కప్పాలంటే ప్రాణం ఒప్పడం లేదు. బీరువాలో విడిగా పెట్టాను.

అందుకే పోటీగా అఖిల భారత అల్లికల మహాసంఘం స్థాపించాను. అధ్యక్షుడు, కార్యాధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు, కోశాధికారి, నేను. పదవులన్నీ ఒక్క పూటలో నిండిపోయాయి. అల్లిక వచ్చి ఉండాలన్న నిబంధన కావాలనే పెట్టలేదు. లెటర్‌హెడ్ అచ్చయింది, ఫ్లెక్సీకి ఆర్డరిచ్చాం. సభ్యులుగా చేరదలచినవారు సంప్రదించగలరు. శనివారం సాయంత్రం మాత్రం ఫోన్ చేయొద్దు, చిలప పట్టుకోవడానికి వెళ్లాలి.